లాజిస్టిక్స్ డిప్లొమా శిక్షణ మామిడి కాలంలోనే జరగాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడి, పిల్లల్ని ఏ కోర్సులో చేర్చాలా అని ఇంటింటా చర్చ సాగే ఈ రోజుల్లో, మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో బీకాం, కంప్యూటర్ల సరసన లాజిస్టిక్స్, అంటే సరుకు నిల్వ, రవాణాల నిర్వహణ, అనే పేరు కూడా వినిపిస్తోంది. చిత్తూరులోని ఒక సరుకు రవాణా కార్యాలయంలో బుకింగు, లెక్కల పని చూసుకుంటూ, కమ్యూనిటీ కాలేజీలో ఆ విషయంలోనే ఏడాది డిప్లొమా చదువుతున్న వాడిని కాబట్టి, ఈ చదువు గురించి నాలుగు మాటలు మీ పత్రిక ద్వారా తల్లిదండ్రులకు, కళాశాలల యాజమాన్యాలకు, విశ్వవిద్యాలయ అధికారులకు విన్నవించుకోవాలనుకుంటున్నాను. ఈ చదువు మంచిదనీ, మన ప్రాంతానికి తగినదనీ నా గట్టి నమ్మకం. అయితే మన నేల మీద సరుకు అత్యధికంగా కదిలే మే, జూన్, జూలై నెలల్లో మా కాలేజీ వేసవి సెలవుల్లోనో, కొత్త ప్రవేశాల హడావుడిలోనో ఉంటుంది. సరుకు లేని నెలల్లో సరుకు రవాణా నేర్పి, సరుకు వచ్చే నెలల్లో విద్యార్థిని ఇంటికి పంపే ఈ పద్ధతి మారాలన్నదే నా విన్నపం.

కమ్యూనిటీ కాలేజీ అంటే ఏమిటో తెలియని వారు ఇంకా చాలామంది ఉన్నారు. అమెరికాలో 1901లో జోలియెట్ అనే పట్టణంలో మొదలైన ఇటువంటి కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ రెండేళ్ల చదువు చదివినవారు నేరుగా పనిలోనైనా చేరవచ్చు, విశ్వవిద్యాలయంలో పై చదువుకైనా వెళ్లవచ్చు. మన దేశంలో 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో తొలి కమ్యూనిటీ కాలేజీ వెలిసింది. ఆ తర్వాత విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, దీన్ని ఒక పథకంగా తీసుకుని, ఉన్న కళాశాలల్లోనే సర్టిఫికెట్, డిప్లొమా, అడ్వాన్స్‌డ్ డిప్లొమా కోర్సులు నడుపుకోవడానికి అవకాశం కల్పించింది. చదువులో 60 శాతం పని నైపుణ్యానికి, 40 శాతం సాధారణ విద్యకు కేటాయించాలని, స్థానిక పరిశ్రమను భాగస్వామిగా చేసుకోవాలని, ఆ ఊరి అవసరాన్ని బట్టి కోర్సును ఎంచుకోవాలని దాని మార్గదర్శకాల సారాంశం. స్థానికత లేకపోతే కమ్యూనిటీ కాలేజీకీ, మరో డిగ్రీ కాలేజీకీ తేడా ఏమీ ఉండదు.

మరి మన స్థానికత ఏమిటి? చిత్తూరు ఒక వైపు చెన్నైకీ, మరో వైపు బెంగళూరుకూ మధ్యలో ఉంది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారి మన జిల్లా గుండానే సాగుతోంది. తిరుపతి జిల్లాలో శ్రీసిటీ పారిశ్రామిక వాడ ఉంది, రేణిగుంటలో విమానాశ్రయమూ, పెద్ద రైల్వే జంక్షనూ, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలూ ఉన్నాయి. ఎగువన కృష్ణపట్నం, దిగువన ఎన్నూరు, చెన్నై రేవులు ఉన్నాయి. ఇన్ని ఉన్న చోట ఉంటూ కూడా, మా పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలన్నీ ఎక్కడివో దూరదేశపు సూపర్ మార్కెట్ల గొలుసులకు చెందినవే. వాటిని తప్పు పట్టడం లేదు, సూత్రం ఎక్కడైనా సూత్రమే. కానీ ఆ సూత్రాన్ని మన తోతాపురి మామిడి కాయకు అన్వయించి చెప్పినప్పుడు తరగతి గదిలో వెనక బెంచీ వాళ్లు కూడా తలెత్తి వింటారు. ఎందుకంటే అందులో సగం మంది ఇళ్లలో తోటలున్నాయి, లేదా తండ్రో మేనమామో ట్రాక్టరు తోలుతున్నారు.

మామిడి గుజ్జు సంగతే చూడండి. పరిశ్రమలో తీసిన గుజ్జును గాలి చొరబడని శుద్ధిచేసిన సంచుల్లో నింపి, ఆ సంచిని ఇనుప డ్రములో పెడతారు. సాధారణంగా ఒక డ్రములో 215 కిలోల గుజ్జు పడుతుంది. ఇరవై అడుగుల కంటైనరులో ఇటువంటి డ్రములు 80 ఎక్కుతాయి. అంటే గుజ్జు బరువే 17,200 కిలోలు. దానికి డ్రముల బరువు, కంటైనరు సొంత బరువు, దాన్ని మోసే లారీ బరువు కలిపితే ఎంతవుతుంది, ఎన్ని ఇరుసుల బండి కావాలి, 2018లో కేంద్రం పెంచిన పరిమితుల ప్రకారం రెండు ఇరుసుల లారీకి మొత్తం బరువు 18.5 టన్నులు దాటకూడదు గదా, మరి ఈ కంటైనరు దేని మీద పోవాలి? ఈ లెక్క వేయగలిగిన విద్యార్థికి రవాణా కార్యాలయంలో సగం పని వచ్చినట్టే. అలా శుద్ధిచేసి నింపిన గుజ్జుకు శీతల కంటైనరు అవసరం లేదు, గడ్డకట్టించిన గుజ్జుకు మాత్రం మైనస్ 18 డిగ్రీలు తప్పనిసరి అన్న ఒక్క తేడా తెలియకపోతే, కిరాయిలో ఎంత వ్యత్యాసం వస్తుందో ఊహించుకోవచ్చు. ఇదంతా పుస్తకంలో ఒక పేజీకి మించదు. కానీ లోడింగు జరుగుతున్న గోదాము గుమ్మం దగ్గర నిలబడి, డ్రములు ఎలా పేర్చితే బరువు ఒక పక్కకు ఒరగకుండా ఉంటుందో, కుదుపులకు కదలకుండా మధ్యలో ఏం బిగిస్తారో చూసినవాడికి అది జన్మలో మరుపు రాదు.

కాగితాల పని విషయంలో మా తరగతికి మరింత శ్రద్ధ కావాలి. పచ్చి మామిడికాయ లోడుకు ఈ-వే బిల్లు, అంటే సరుకు తరలింపు కోసం ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి పత్రం, అక్కరలేదు, ఎందుకంటే తాజా పండ్లపై జీఎస్టీ లేదు. అదే కాయ గుజ్జుగా మారి బయటికి వస్తే పన్ను పడుతుంది, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. 2021 జనవరి నుంచి మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఆ బిల్లు చెల్లుబాటు అవుతుంది. గడువు దాటబోతుంటే దానికి 8 గంటల ముందు నుంచి 8 గంటల తర్వాత వరకు పొడిగించుకునే వీలుంది. దారిలో బండి చెడిపోయి సరుకును వేరే బండిలోకి మార్చితే, కొత్త బండి నంబరును ఆ బిల్లు రెండో భాగంలో నమోదు చేయాలి. ఒకసారి మా ఎరుకలోని ఒక చిన్న వ్యాపారి సరుకు బెంగళూరు దారిలో మొగిలి కనుమ దగ్గర ఆగిపోయింది. డ్రైవరు పాపం బాధ్యతగానే వేరే లారీ పిలిపించి, రాత్రికి రాత్రే హమాలీలతో సరుకు మార్పించాడు. కానీ నంబరు మార్చాలన్న సంగతి అతనికి గానీ, సరుకు పంపిన కార్యాలయంలోని గుమాస్తాకు గానీ తెలియదు. తనిఖీలో బండి ఆగింది. చట్ట ప్రకారం కట్టవలసిన జరిమానా పన్నుకు రెండింతలు. సరుకుపై వచ్చే లాభం మొత్తం పోయింది. ఇందులో ఎవరూ మోసం చేయలేదు. అయిదు నిమిషాల పని ఒకరికి తెలిసి ఉంటే సరిపోయేది. లాజిస్టిక్స్ చదివిన కుర్రవాడు ఒకడు ఆ కార్యాలయంలో ఉండి ఉంటే అతని ఆరు నెలల జీతం ఆ ఒక్క రాత్రే తిరిగి వచ్చేది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయిన సంగతి మన జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. కిలోకు 12 రూపాయలు దక్కేలా, పరిశ్రమలు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించవలసి వచ్చింది. ధర ఒక సమస్య, దాన్ని గురించి తెలిసినవారు చాలా రాశారు. కానీ ఆ రోజుల్లో గుజ్జు పరిశ్రమల గేట్ల ముందు బారులు తీరిన ట్రాక్టర్లు, లారీలు మరో సమస్యను కళ్లకు కట్టాయి. కోసిన కాయ ఎండలో, పట్టా కింద ఉడికిపోతూ నిలబడింది. బండి బాడుగ రోజులెక్కన పెరిగింది. కాటా దగ్గరికి చేరేసరికి కాయ మెత్తబడి తరుగు ఎక్కువ తీశారు. కోసే ముందే తన వంతు ఏ పూట వస్తుందో రైతుకు తెలిసి ఉంటే, ఆ కాయ మరో రెండు రోజులు చెట్టునే ఉండేది.

ఇది కేవలం మంచితనం మీదో చెడ్డతనం మీదో ఆధారపడిన విషయం కాదు. లెక్క మీద ఆధారపడిన విషయం. ఒక పరిశ్రమ గంటకు ఎన్ని టన్నుల కాయను తీసుకోగలదు, గేటు దగ్గర ఎన్ని కాటాలున్నాయి, ఒక ట్రాక్టరు దించడానికి ఎంతమంది హమాలీలకు ఎన్ని నిమిషాలు పడుతుంది, రోజులో ఏ గంటల్లో బళ్లు ఎక్కువ వస్తాయి అన్న నాలుగు అంకెలు తెలిస్తే, ఎవరికి ఏ పూట టోకెన్ ఇవ్వాలో చెప్పవచ్చు. వరుసల సిద్ధాంతం అనే పాఠం మా సిలబస్‌లో ఉంది. మేము దాన్ని బ్యాంకు కౌంటరు ఉదాహరణతో నేర్చుకుని, పరీక్షలో సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నాము. అదే సూత్రం మా ఊరి పొలిమేరలో అక్షరాలా నిలబడి ఉన్నప్పుడు మా కాలేజీ గేటుకు తాళం ఉంది. ఇది నన్ను నిజంగా బాధించిన విషయం.

నా సూచన పెద్ద ఖర్చుతో కూడినది కాదు. డిప్లొమాలోని పని శిక్షణ భాగాన్ని మే మధ్య నుంచి జూలై చివరి వరకు పెట్టండి. విద్యార్థులను చిన్న బృందాలుగా చేసి, దామలచెరువు, బంగారుపాళ్యం వంటి మామిడి మార్కెట్లకు, గుజ్జు పరిశ్రమల గేట్లకు, కాటాల దగ్గరికి, శీతల గిడ్డంగులకు, రేణిగుంట గూడ్స్ షెడ్డుకు పంపండి. ప్రతి బృందమూ బండి వచ్చిన సమయం, కాటా ఎక్కిన సమయం, దించడం మొదలైన సమయం, ఖాళీ బండి బయటికి వెళ్లిన సమయం రాసుకోవాలి. కాటా చీటీలో బరువెంత, తరుగు ఎంత తీశారు, తిరుగు ప్రయాణంలో బండికి లోడు దొరికిందా, ఖాళీగా వెళ్లిందా అన్నదీ రాయాలి. సీజను ముగిశాక ఆ లెక్కలను తరగతి గదిలో కూర్చి, జిల్లా ఉద్యాన శాఖకూ, పరిశ్రమల సంఘానికీ, రైతు సంఘాలకూ ఇవ్వాలి. మరుసటి ఏడాది టోకెన్లు ఎలా ఇవ్వాలో నిర్ణయించడానికి అంతకు మించిన ఆధారం ఎవరి దగ్గరా ఉండదు. విద్యార్థికి దక్కే ప్రాజెక్టు నివేదిక కూడా అంతర్జాలం నుంచి దించుకున్నది కాకుండా, తను ఎండలో నిలబడి రాసుకున్నది అవుతుంది.

మామిడి ఒక్కటే కాదు. పాలు చూడండి. 2020 మార్చి 26న, లాక్‌డౌన్ విధించిన వెంటనే, ప్రయాణికుల రైళ్లు ఆగిపోవడంతో వాటికి తగిలించి పంపే పాల ట్యాంకర్లు నిలిచిపోయినప్పుడు, రైల్వే వారు రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు దూద్ దురంతో పేరుతో ప్రత్యేక రైలు నడిపారు. ఒక్కో ట్యాంకరులో 40,000 లీటర్ల పాలు. మన పల్లెల్లో తెల్లవారుజామున పితికిన పాలు సేకరణ కేంద్రం నుంచి శీతలీకరణ కేంద్రానికి, అక్కడి నుంచి డెయిరీకి, అక్కడి నుంచి రేణిగుంటకు చేరి, రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి చెడకుండా ఢిల్లీ చేరాయి. ఆ గొలుసులో ఎక్కడ ఎంత సేపు ఆగినా ఉష్ణోగ్రత పెరిగిపోతుంది. దేశమంతా స్తంభించిన రోజుల్లో మన జిల్లా నుంచి జరిగిన ఈ పని మా పాఠ్యాంశాల్లో ఒక్క వాక్యంగా కూడా లేదు. ఉండాలి. ఆ పని చేసిన రైల్వే, డెయిరీ ఉద్యోగుల్లో పదవీ విరమణ చేసినవారు మన మధ్యనే ఉన్నారు. వారిని పిలిచి రెండు గంటలు మాట్లాడించడానికి కాలేజీకి అయ్యే ఖర్చు ఒక ఆటో బాడుగ. పరిశ్రమలోని అనుభవజ్ఞుల చేత పాఠాలు చెప్పించుకోవడానికి యూజీసీ మార్గదర్శకాలు కూడా అనుమతిస్తున్నాయి.

తిరుపతిలో చదివే విద్యార్థులకు మామిడి కంటే తిరుమల దగ్గర. రోజూ ఘాట్ రోడ్డు మీదుగా కొండెక్కే బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు, ఆ రద్దీకి తగ్గట్టు పర్వదినాల్లో పెరిగే పరిమాణాలు, ముందుగా వేసుకోవలసిన అంచనాలు వారికి చాలినంత పాఠం.

శ్రీసిటీలోని గిడ్డంగుల్లో, కర్మాగారాల్లో ఉద్యోగాలున్న మాట నిజమే. కాని తల్లిదండ్రులకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. డిప్లొమా పూర్తిచేసిన వెంటనే మేనేజరు కుర్చీ ఉండదు. మొదటి ఏడాది చేతిలో స్కానరు పట్టుకుని, అరల మధ్య తిరుగుతూ సరుకు లెక్కించడం, ముందు గడువు తీరే పెట్టెను ముందు పంపుతున్నారా లేదా చూసుకోవడం, రాత్రి షిఫ్టులు చేయడం ఉంటుంది. ఆ పని చిన్నదని నేను అనుకోను. అక్కడి నుంచే పైకి వెళ్లే దారి ఉంది. పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో పనికి వెళ్లి వస్తున్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. వారికి ఈ డిప్లొమా అందితే ఉత్పత్తి వరుసలో నిలబడే పని నుంచి నిల్వల పర్యవేక్షణకు మారే అవకాశం వస్తుంది. కాకపోతే వారు పగలు పదింటికి మొదలయ్యే తరగతికి రాలేరు.

ఇదే నేను అడిగే రెండో మార్పు. కమ్యూనిటీ కాలేజీ ఉన్నది ముఖ్యంగా పని చేసుకుంటూ చదవాలనుకునే వారి కోసం. నాతో పాటు చేరిన వారిలో గోదాములో పనిచేసే వారు, పార్శిల్ సర్వీసులో పనిచేసే వారు ఉండేవారు. తరగతులు ఉద్యోగ సమయంలోనే జరుగుతుండటంతో వారు ఒక్కొక్కరుగా మానేశారు. చివరికి మిగిలింది ఇంటర్ పూర్తిచేసి నేరుగా వచ్చిన పిల్లలు, మా యజమాని దయతో సమయం సర్దుకోగలిగిన నేను. మానేసిన ఆ మిత్రులకు లోడింగు గురించి, డ్రైవర్ల గురించి తెలిసినంత మా అధ్యాపకులకు కూడా తెలియదని గౌరవంతోనే అంటున్నాను. వాళ్లు తరగతిలో ఉంటే పిల్లలకు రోజుకో కొత్త విషయం తెలిసేది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు, ఆదివారం పూట ఉదయం తరగతులు పెడితే ఇటువంటివారు నిలబడతారు. పాఠం తెలుగులో చెప్పి, ప్రశ్నపత్రం రెండు భాషల్లో ఇస్తే ఇంకా మేలు. ఈ-వే బిల్లు, కంటైనరు, ప్యాలెట్ వంటి మాటలు హమాలీలకూ తెలిసినవే. వారిని ఆపుతున్నది ఆ మాటలు కావు, వాటి చుట్టూ ఉన్న వ్యాసరూప ఇంగ్లీషు.

వేసవిలో శిక్షణ అంటే అధ్యాపకుల సెలవులు ఏమవుతాయన్న అభ్యంతరం రావచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. సెలవుల్లో పనిచేసిన అధ్యాపకులకు అందుకు బదులుగా ఆర్జిత సెలవు ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది, దాన్ని ఈ కోర్సుకు తప్పక వర్తింపజేయాలి. ఎండ దెబ్బ మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. మన మండీల్లో కాయ దిగేది ఎక్కువగా తెల్లవారుజామున, సాయంత్రం పూట. ఆ వేళల్లోనే పిల్లల్ని పంపవచ్చు. నాకున్న అసలు భయం వేరు. శిక్షణ పేరుతో వచ్చిన విద్యార్థుల చేత జీతం లేని హమాలీ పని చేయించుకునే ప్రమాదం ఉంది. అందుకే ఏ సంస్థకు పంపినా, విద్యార్థి ఏ పని చూడాలో, ఏ పని చేయకూడదో కాగితం మీద రాసుకోవాలి, ప్రమాద బీమా చేయించాలి, అర్హత ఉన్నవారిని అప్రెంటిస్ చట్టం కింద నమోదు చేయించి భృతి ఇప్పించాలి. ఆ చట్టం కింద జాతీయ అప్రెంటిస్ శిక్షణ పథకంలో కనీస భృతిలో సగాన్ని కేంద్రం భరిస్తుంది కాబట్టి, చిన్న సంస్థలకు కూడా అది మోయలేని బరువు కాదు.

సరుకు తరలింపు ఖర్చు దేశ స్థూలోత్పత్తిలో 13, 14 శాతమని చాలా కాలం చెప్పుకున్నాము. 2025 సెప్టెంబరులో కేంద్రం విడుదల చేసిన అంచనా దాన్ని 2023-24కు 7.97 శాతంగా తేల్చింది. అదే నివేదిక చిన్న సంస్థలపై ఈ భారం పెద్ద సంస్థల కంటే ఎక్కువని కూడా చెప్పింది. మన మండీ వ్యాపారులు, చిన్న గుజ్జు పరిశ్రమలు, పాల సంఘాలు అన్నీ ఆ చిన్న సంస్థల కిందికే వస్తాయి. పెద్ద కంపెనీలు తమకు కావలసిన నిపుణులను ఎక్కడి నుంచైనా తెచ్చుకోగలవు. బంగారుపాళ్యంలోని ఒక మండీకి ఆ శక్తి లేదు, దానికి దగ్గరి కమ్యూనిటీ కాలేజీయే దిక్కు.

డిప్లొమాలో సంపాదించిన క్రెడిట్లు, అంటే చదివిన చదువుకు లెక్కగట్టే పాయింట్లు, తర్వాత డిగ్రీలో చేరినప్పుడు లెక్కలోకి రావాలి. 2021లో ప్రారంభమైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, ప్రతి విద్యార్థి క్రెడిట్లను అతని పేరిట ఒక ఖాతాలో భద్రపరిచే ఏర్పాటు, అందుకోసమే ఉంది. మా తరగతిలో ఆ ఖాతా తెరిపించిన వారు లేరు, దాని గురించి చెప్పినవారూ లేరు. ప్రవేశం రోజునే దాన్ని తెరిపించడం కార్యాలయ సిబ్బందికి పది నిమిషాల పని.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పాఠ్య ప్రణాళికా మండలి వారిని, స్వయంప్రతిపత్తి గల కళాశాలల ప్రిన్సిపాళ్లను, రెండు జిల్లాల కలెక్టర్లను నేను కోరేది ఇదే. ఈ ఏడాది ఒక్క కాలేజీలోనైనా, ఒక్క బృందంతోనైనా, శిక్షణ భాగాన్ని మామిడి సీజనుకు మార్చి చూడండి. పరిశ్రమల గేటు దగ్గర నిలబడి సమయాలు రాసుకోవడానికి అనుమతి ఇప్పించవలసింది జిల్లా యంత్రాంగం. ఆ అనుమతి ఏప్రిల్ ముగిసేలోపు చేతికి వస్తేనే మే నెలలో బృందాలు కదలగలవు. కాటా దగ్గర కూర్చోవడానికి మా తరగతిలో ఇప్పటికే చాలామంది సిద్ధంగా ఉన్నారు, నేనూ వస్తాను.

భవదీయుడు,
లాజిస్టిక్స్ డిప్లొమా విద్యార్థి,
చిత్తూరు.